ఏఈ2లో ఆటోక్రాఫ్టింగ్ లాజిక్ ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతోంది, మూడు రోజులైంది, ఎవరైనా చూడండి ప్లీజ్

పెసరట్టు64

అందరికీ నమస్తే. ఆల్ ద మాడ్స్ 9 (ఆటకి అదనంగా తగిలించే మాడ్స్ కట్టగా ఇచ్చే ప్యాక్), మైన్‌క్రాఫ్ట్ 1.20.1. నేనూ మా బాబాయి కొడుకు చిన్నూ ఇద్దరమే ఆడతాం, సర్వర్ నా పాత ల్యాప్‌టాప్ మీదే నడుస్తది. మొన్నటిదాకా అన్నీ చేత్తోనే చేసుకున్నాం, గోడ పొడవునా పెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక బోర్డు, అయినా కావాల్సింది మాత్రం ఏ రోజూ దొరికేది కాదు. అందుకని అప్లైడ్ ఎనర్జిస్టిక్స్ 2 (ఏఈ2) మొదలెట్టాం, సామానంతా ఒకే నెట్‌వర్క్‌లో దాచి టెర్మినల్ అనే స్క్రీన్ నుంచి తీసుకునే మోడ్ అది. ఉల్క కోసం రెండు సాయంత్రాలు తిరిగి, అందులో మిస్టీరియస్ క్యూబ్ పగలగొట్టి ప్రెస్సులు (సర్క్యూట్ ముద్ర వేసే అచ్చులు) నాలుగూ తెచ్చుకున్నాం, డ్రైవ్ పెట్టాం, అందులో సామాను దాచే సెల్స్ పెట్టాం, పెట్టెలన్నీ అందులోకి కుమ్మరించేశాం, ఇక్కడిదాకా సూపర్.

గొడవంతా ఆటోక్రాఫ్టింగ్‌తోనే, అంటే ఆర్డర్ ఇస్తే నెట్‌వర్కే సొంతంగా తయారు చేయడం. పెద్ద సెల్ కోసం నాకు 64కే స్టోరేజ్ కాంపొనెంట్ ఒకటి కావాలి. లెక్క వేస్తే 16కేవి మూడు, వాటికి 4కేవి తొమ్మిది, వాటికి 1కేవి 27, ఒక్కో 1కేకి ఒక లాజిక్ ప్రాసెసర్, అంటే లాజిక్ ప్రాసెసర్లే 27 కావాలి. మిగతా రకం ప్రాసెసర్లు చేత్తో చేసి పెట్టుకున్నవి సరిపడా ఉన్నాయి. సో లాజిక్ ఒక్కటే ఆటోమేట్ చేస్తే చాలనుకున్నా.

సెటప్ ఇలా ఉంది. పైన రెండు ఇన్‌స్క్రైబర్లు (ప్రెస్‌తో ముద్ర కొట్టే మెషీన్లు), ఒకదాంట్లో లాజిక్ ప్రెస్, ఇంకోదాంట్లో సిలికాన్ ప్రెస్. కింద ప్రెస్ లేని ఇన్‌స్క్రైబర్ ఒకటి, ప్రింటెడ్ లాజిక్, ప్రింటెడ్ సిలికాన్, రెడ్‌స్టోన్ మూడూ కలిసి ప్రాసెసర్ అయ్యేది. మూడింటికీ ఒక్కో ప్యాటర్న్ ప్రొవైడర్ ఆనించా (ప్యాటర్న్ అంటే ఏం పెడితే ఏం వస్తుందో రాసిన చీటీ, దాని ప్రకారం సామాను మెషీన్‌లోకి తోసేది ప్రొవైడర్). ప్యాటర్న్‌లు మూడు: బంగారం పెడితే ప్రింటెడ్ లాజిక్, సిలికాన్ పెడితే ప్రింటెడ్ సిలికాన్, ఆ రెండూ ప్లస్ రెడ్‌స్టోన్ పెడితే ప్రాసెసర్. మూడూ మెషీన్ పనికి వాడే ప్రాసెసింగ్ మోడ్‌లోనే ఎన్‌కోడ్ చేశా, ఆ తప్పు చేయలేదు. కింది ఇన్‌స్క్రైబర్‌కి ఆటో ఎక్స్‌పోర్ట్ (తయారైంది దానంతటదే బయటికి తోయడం) ఆన్‌లో ఉంది. (పైవాటికీ కిందదానికీ మధ్య పాతప్పుడు పెట్టుకున్న హాపర్లు, సామాను కిందికి జార్చే గరాటుల్లాంటివి, రెండు అలాగే ఉన్నాయి, ఫ్లోర్ కిందికి పోయాయి కాబట్టి తీయలేదు, వాటితో ఇబ్బందేం లేదు.)

ఆర్డర్ ఇస్తే బంగారం పోతుంది, సిలికాన్ పోతుంది, మెషీన్లు టకటకా కొట్టుకుంటాయి, అంతే, తర్వాత ఇంక కదలదు. క్రాఫ్టింగ్ స్టేటస్‌లో ప్రింటెడ్ లాజిక్ 27 క్రాఫ్టింగ్, ప్రింటెడ్ సిలికాన్ 27 క్రాఫ్టింగ్, ప్రాసెసర్ 27 షెడ్యూల్డ్ అని చూపిస్తూ రాత్రంతా అలాగే ఉంది. విచిత్రం ఏంటంటే కింది ఇన్‌స్క్రైబర్‌లో నేను చేత్తో రెడ్‌స్టోన్ వేస్తే ప్రాసెసర్ తయారై నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తుంది! అలా ఐదు వచ్చాయి, టెర్మినల్‌లో కనిపిస్తున్నాయి, అయినా ఆర్డర్‌లో మాత్రం ఇంకా 27 అనే అంటోంది. ఉన్నవి కళ్ల ముందే ఉంటే ఇదేం లెక్క?

ప్యాటర్న్‌లు చెరిపి మళ్లీ రాశా, ఆర్డర్ల లెక్క చూసే క్రాఫ్టింగ్ సీపీయూలో 16కే స్టోరేజ్ వేసి రెండు కో-ప్రాసెసర్లు కూడా తగిలించా, సర్వర్ రీస్టార్ట్ చేశా, చివరికి చిన్నూగాడు ప్రొవైడర్‌ని కొడితే పని చేస్తుందేమో అని రెంచ్‌తో కొట్టాడు, దాంతో దానికి బాణం గుర్తు ఒకటి వచ్చి కేబుల్ ఊడిపోయింది, దాన్ని మళ్లీ సరిచేయడానికి ఇంకో గంట.

క్రీపర్‌బావ

చానల్స్ బ్రో చానల్స్. ఏఈ2లో ఏది ఆగినా 90 శాతం చానల్సే, నెట్‌వర్క్‌లో చాలా పరికరాలకి తలా ఒక చానల్ కావాలి. చానల్స్ ఇచ్చే కంట్రోలర్ బ్లాక్ లేకుండా నడిపిస్తున్నావేమో చూసుకో, అలాగైతే మొత్తం కలిపి 8 పరికరాలకే పని చేస్తుంది, తొమ్మిదోది పెట్టగానే ఆ ఒక్కటి కాదు మొత్తం నెట్‌వర్కే పడుకుంటుంది. కంట్రోలర్ ఉన్నా సరే మామూలు కేబుల్ మీద 8 మాత్రమే వెళ్తాయి, డెన్స్ కేబుల్ అయితే 32. డ్రైవ్ ఒకటి, టెర్మినల్ ఒకటి, ప్యాటర్న్ టెర్మినల్ ఒకటి, సీపీయూ ఒకటి, ప్రొవైడర్లు ఒక్కోటి ఒక్కోటి, ఎనిమిది ఎంతసేపు నిండుతుంది చెప్పు. మామూలు క్రాఫ్టింగ్ చేసే మాలిక్యులర్ అసెంబ్లర్‌కి చానల్ అక్కర్లేదులే, అది ఫ్రీ.

ఈ లెక్కలన్నీ మనకెందుకు అనుకుంటే నీ సొంత సర్వరే కదా, చానల్‌మోడ్ ఇన్ఫినిట్ అని కమాండ్ ఉంది, ఏఈ2 అని కొట్టి తర్వాత అది కొట్టు, జీవితంలో మళ్లీ చానల్ గురించి ఆలోచించక్కర్లేదు. చీటింగ్ అని కొంతమంది ఏడుస్తారు, నేను వాడతా, నాకు సిగ్గు లేదు.

పెసరట్టు64

బావా కంట్రోలర్ ఉంది, ఇందాక చెప్పడం మర్చిపోయా. ప్రొవైడర్ల వైపు వెళ్లే కేబుల్ తీసి ఎన్ని చానల్స్ వాడుతోందో గీతలతో చూపించే స్మార్ట్ కేబుల్ వేసి చూశా, దాని మీద గీతలు నాలుగే వెలిగాయి, మూడు ఇన్‌స్క్రైబర్లవి, ఒకటి అసెంబ్లర్ పక్కనున్న ప్రొవైడర్‌ది. సో అది కాదు. పవర్ కూడా ఫుల్‌గా ఉంది. ఇన్ఫినిట్ మోడ్ చిన్నూగాడు ఒప్పుకోడు, వాడికి రూల్స్ ఎక్కువ, ఆడేది మాత్రం నేను కట్టినవాటితో.

గోదావరిఖని_గ్రెగ్

తమ్మీ, ముందుగాల ఒక పని చెయ్యి. ఫ్లోర్ పగలగొట్టి ఆ హాపర్లు ఓపెన్ చేసి లోపల ఏమున్నదో చూసి ఇక్కడ రాయి. నువ్వు బ్రాకెట్ల రాసి పడేసినవ్ కదా, ఇబ్బందేం లేదని, నా లెక్క ప్రకారం మొత్తం కథ ఆ బ్రాకెట్‌లనే ఉన్నది.

సీసాలో_లావా

ఇవన్నీ ఎందుకండీ, ఇలాంటిదే ఇంకో మోడ్ రిఫైన్డ్ స్టోరేజ్ ఉంది, దానికి మారిపోండి. చానల్స్ లేవు, సీపీయూలు లేవు, క్రాఫ్టర్ బ్లాక్ పెట్టి ప్యాటర్న్ దూర్చితే అయిపోయింది. నేను ఏఈ2 రెండు వారాలు ఆడి దండం పెట్టి వచ్చేశా.

ఇంకోటి, 1.21 నుంచి మోడ్ లేకుండా మామూలు మైన్‌క్రాఫ్ట్‌లోనే క్రాఫ్టర్ వచ్చేసింది, రెడ్‌స్టోన్ పల్స్ ఇస్తే ఒకటి చేసి బయటికి ఉమ్మేస్తుంది. అలాంటివి పది వరసగా పెట్టుకుని హాపర్లతో కలుపుకుంటూ పోవడంలో ఉన్న మజా ఈ టెర్మినల్‌లో నంబర్ కొట్టడంలో ఎక్కడుంది అసలు.

పెసరట్టు64

గ్రెగ్ అన్నా, ఓపెన్ చేశా. ఒక హాపర్‌లో ప్రింటెడ్ లాజిక్‌లు, ఇంకో హాపర్‌లో ప్రింటెడ్ సిలికాన్‌లు. కింది ఇన్‌స్క్రైబర్‌లో పైన కొన్ని, కింద కొన్ని కూర్చుని ఉన్నాయి, మధ్యలో ఖాళీ. అంటే అన్నీ తయారయ్యే ఉన్నాయిగా? మరి ముందుకెందుకు వెళ్లట్లేదు? రెడ్‌స్టోన్ ఎందుకు పంపట్లేదు? నెట్‌వర్క్‌లో రెడ్‌స్టోన్ పది వేలు ఉంది.

గోదావరిఖని_గ్రెగ్

దొరికింది చూడు. జర నిమ్మళంగ చదువు, లంబాగ రాస్తున్న.

టిఫిన్ సెంటర్‌ల టోకెన్ సిస్టం ఉంటది కదా. కౌంటర్ మీద ఉన్నాయన టోకెన్ తీసుకొని లోపలికి అరుస్తడు, ఒక మసాలా దోసె అని. లోపల మాస్టర్ దోసె వేసి ఆ కౌంటర్ మీదనే పెట్టాలె, అప్పుడు ఈయన టోకెన్ కొట్టేసి నెక్స్ట్ నంబర్ పిలుస్తడు. ఇప్పుడు నీ హోటల్‌ల ఏమైతున్నదంటే, మాస్టర్ దోసె మంచిగనే వేస్తున్నడు, కానీ వెనక తలుపు తీసి ఇంకో పోరడు ఆ దోసె పట్టుకపోతున్నడు. కౌంటర్ ఆయనకు తెల్వదు. ఆయన అట్లనే నిలబడి చూస్తున్నడు, దోసె రాలే, దోసె రాలే అని. ఆ పోరడే నీ హాపర్.

క్రాఫ్టింగ్ సీపీయూకి కండ్లు లేవు తమ్మీ. అది ఇన్‌స్క్రైబర్ లోపలికి చూడదు, హాపర్ లోపలికి చూడదు. ప్రొవైడర్ తోటి బంగారం పంపిస్తది, ప్యాటర్న్‌ల నువ్వు ఏం రాసినవ్, ప్రింటెడ్ లాజిక్ ఒకటి వస్తదని రాసినవ్, ఆ ఒకటి నెట్‌వర్క్‌లకు తిరిగి వచ్చే దాంక దాని లెక్కల అది ఇంకా తయారైతనే ఉన్నది. వారం అయినా అంతే, నెల అయినా అంతే. ప్రింటెడ్ లాజిక్ చేతికి రాకపోతే మూడో ప్యాటర్న్ ఎట్ల మొదలు పెడతది? మూడో ప్యాటర్న్ మొదలైతేనే కదా రెడ్‌స్టోన్ పోయేది. అందుకే మధ్యల ఖాళీ.

నువ్వు చేత్తో రెడ్‌స్టోన్ వేస్తే ప్రాసెసర్ అయింది, నెట్‌వర్క్‌లకు వచ్చింది, కానీ సీపీయూ అప్పటికి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తలేదు, ప్రింటెడ్‌ల కోసం ఎదురుచూస్తున్నది. అడగని దోసె తెచ్చి పెట్టినట్టు. అందుకే అది మామూలు ఐటమ్ లెక్క పోయి డ్రైవ్‌ల కూసున్నది, ఆర్డర్‌ల 27 అట్లనే ఉన్నది. నీ ఐదు ప్రాసెసర్ల కథ గదే.

ఇప్పుడు తమాషా చూడు. ఆర్డర్ క్యాన్సల్ చెయ్యకు. హాపర్లల్ల ఉన్నవి, ఇన్‌స్క్రైబర్‌ల ఉన్నవి ప్రింటెడ్‌లు అన్నీ చేత్తో తీసి టెర్మినల్‌ల వెయ్యి. సీపీయూ వేటి కోసం చూస్తున్నదో అవి ఎక్కడి నుంచి వచ్చినా దానికి ఒకటే, మెషీన్ నుంచి రావాలనేం లేదు, నువ్వు చేత్తో వేసినా గుంజుకుంటది. వేసి స్టేటస్ స్క్రీన్ చూడు. హాపర్లు మాత్రం మళ్లీ పెట్టకు.

ఆటో ఎక్స్‌పోర్ట్ పై ఇన్‌స్క్రైబర్లకు కూడా ఆన్ చెయ్యి, అప్పుడు అవి పక్కకున్న ప్రొవైడర్‌లకే తిరిగి తోస్తయి, ప్రొవైడర్ దాన్ని నెట్‌వర్క్‌ల వేస్తది. మెషీన్ నుంచి సామాన్ నెట్‌వర్క్‌లకు గుంజే ఇంపోర్ట్ బస్ వేరే అక్కర్లేదు.

సీసాలో_లావా గారూ, రిఫైన్డ్ స్టోరేజ్ మంచిదే, నేను కూడ ఆడిన, కానీ గీ సమస్యకు అది మందు కాదు. అక్కడ కూడ ప్రాసెసింగ్ ప్యాటర్న్ రాస్తే, రాసిన సామాన్ తిరిగి రాకపోతే టాస్క్ అట్లనే వేలాడుతది. మోడ్ మార్చినా హాపర్ హాపరే.

సీసాలో_లావా

ఒప్పుకుంటున్నా అండి. నేను రెండు వారాలకి దండం పెట్టింది కూడా ఇదే కారణానికేమో అని ఇప్పుడు డౌట్ వస్తోంది.

పెసరట్టు64

అన్నాాా. పని చేసింది.

చెప్పినట్టే చేశా. ఫ్లోర్ తవ్వి హాపర్లు ఖాళీ చేసి, ఇన్‌స్క్రైబర్‌లోవి కూడా తీసి లెక్కపెడితే ప్రింటెడ్ లాజిక్ 22, ప్రింటెడ్ సిలికాన్ 22. ఐదు ముందే ప్రాసెసర్లు అయిపోయాయిగా, కరెక్ట్‌గా సరిపోయింది లెక్క. టెర్మినల్ ఓపెన్ చేసి లాజిక్‌లు వేశా, వేసినవి లిస్ట్‌లో కనపడలేదు, ఒక్క క్షణం గుండె ఆగింది ఎక్కడికి పోయాయిరా అని, చూస్తే స్టేటస్‌లో 27 కాస్తా 5 అయింది. సిలికాన్‌లు వేశా, అదీ 5. వెంటనే కింది ఇన్‌స్క్రైబర్ కొట్టుకోవడం మొదలు! మూడు రోజుల నుంచి ఆ చప్పుడు కోసమే చూస్తున్నా. చిన్నూగాడు పక్క గదిలోంచి ఏమైందిరా అని అరిచాడు.

మిగతా ఐదూ మాత్రం రావు కదా, అవి ఎప్పుడో ప్రాసెసర్లుగా మారిపోయాయి, అందుకని ఐదు లాజిక్, ఐదు సిలికాన్ వేరే ఇన్‌స్క్రైబర్‌లో చేత్తో కొట్టి టెర్మినల్‌లో వేశా. అవీ లాక్కుంది. తర్వాత అసెంబ్లర్ దగ్గర 1కేలు, 4కేలు, 16కేలు వరసగా... చూస్తూ కూర్చున్నా నిజంగా, పెళ్లిలో పెద్దవాళ్లు లడ్డూలు చుట్టేవాళ్ల దగ్గర కూర్చుని చూస్తారే అలా.

ఇప్పుడు హాపర్లు తీసేశా. కానీ అన్నా ఒక డౌట్, హాపర్లతో అయితే ప్రింటెడ్‌లు నేరుగా కిందికి పడిపోతాయి కదా, నెట్‌వర్క్‌లోకి వచ్చి మళ్లీ వెళ్లడం ఎందుకు, చుట్టు తిరుగుడు కాదా?

గోదావరిఖని_గ్రెగ్

మంచి ప్రశ్ననే అడిగినవ్. హాపర్లతోటి కూడ నడుస్తది, కానీ అప్పుడు సీపీయూకి మధ్యల జరిగేది చెప్పొద్దు. మూడు ప్యాటర్న్‌లు తీసేసి ఒకటే రాయి: బంగారం ఒకటి, సిలికాన్ ఒకటి, రెడ్‌స్టోన్ ఒకటి ఇస్తే లాజిక్ ప్రాసెసర్ ఒకటి వస్తది. గంతే. ప్రింటెడ్ అనే మాటనే దాని చెవుల పడొద్దు. అప్పుడు లోపల నువ్వు హాపర్ పెట్టుకో, పైపు పెట్టుకో, బండి పెట్టుకో, చివరికి ప్రాసెసర్ తిరిగి వస్తే దానికి సాలు.

కాకపోతే ఇండ్ల ఒక చిక్కున్నది. ప్రొవైడర్ ఒక ప్యాటర్న్ సామాన్ మొత్తం ఒకటే దాంట్ల పెడతది, బంగారం దీంట్ల, సిలికాన్ దాంట్ల అని పంచిపెట్టదు. అందుకే చాలామంది ఏం చేస్తరంటే ప్రొవైడర్ ముంగట ఎంఈ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్‌లకు సామాన్ తీసుకునే బ్లాక్) పెడతరు, ఆ ఇంటర్‌ఫేస్ మన మెయిన్ నెట్‌వర్క్‌ది కాదు, చిన్న వేరే నెట్‌వర్క్, సబ్‌నెట్ అంటరు. ఆ సబ్‌నెట్‌ల స్టోరేజ్ బస్సులు (పక్క మెషీన్‌ను నెట్‌వర్క్ స్టోరేజ్ లెక్క వాడేటివి) మూడు, ఒకటి లాజిక్ ఇన్‌స్క్రైబర్ మీద బంగారం అని ఫిల్టర్ పెట్టి, ఒకటి సిలికాన్ ఇన్‌స్క్రైబర్ మీద సిలికాన్ అని, ఒకటి చివరి దాని మీద రెడ్‌స్టోన్ అని. ఇంటర్‌ఫేస్‌ల పడ్డది దేనికది పోయి దాని ఇంట్ల పడతది. సబ్‌నెట్‌కి పవర్ క్వార్ట్జ్ ఫైబర్ తోటి ఇయ్యి, అది కరెంట్ దాటిస్తది కానీ రెండు నెట్‌వర్క్‌లను కలపదు. మెయిన్ మీద ఆ ప్రొవైడర్ ఒక్కదానికే చానల్. ఇంటర్‌నెట్‌ల కనిపించే చిన్న చిన్న ప్రాసెసర్ ఫ్యాక్టరీలు చాలామటుకు లోపల ఇట్లనే ఉంటయి.

ఏదన్న ఒకటే పట్టుకో. నీ ఇన్‌స్క్రైబర్లు మూడే కాబట్టి ఇప్పటికైతే మూడు ప్యాటర్న్‌లే ఉండనీ. సగం ఇది, సగం అది కలిపినవ్, అందుకే ఆగింది.

ఇంకొకటి మర్చిపోయిన, ఆ కో-ప్రాసెసర్లు తీసి దాచుకో. అవి మెషీన్‌ను స్పీడ్ చెయ్యవ్. ఒక్కసారికి ఎన్ని పనులు బయటికి పంపాలె అన్నదే పెంచుతయి. నీకున్న లాజిక్ ఇన్‌స్క్రైబరే ఒకటి, పది పనులు పంపినా లైన్ల నిలబడేదే. స్పీడ్ కావాలంటే ఇన్‌స్క్రైబర్‌ల యాక్సిలరేషన్ కార్డులు పెట్టు, లేకపోతే ఇంకో ఇన్‌స్క్రైబర్ పెట్టి దాని ప్రొవైడర్‌ల అదే ప్యాటర్న్ ఇంకో కాపీ వెయ్యి, రెండింటికీ పంచి పంపిస్తది.

ఎమరాల్డ్_అత్తయ్య

నేను లేటుగా చూశానండి, పిల్లలు పడుకున్నాక గానీ మాకిక్కడ డల్లాస్‌లో టైం దొరకదు. గ్రెగ్ గారు చెప్పిన టోకెన్ పోలిక మా అబ్బాయికి చదివి వినిపిస్తా రేపు, వాడు ఇదే తప్పు ఇంకో రూపంలో చేశాడు.

వాడేం చేశాడంటే మామూలు ఫర్నేస్‌కి పక్కన ప్రొవైడర్ ఆనించాడు, రా ఐరన్ పంపిస్తే ఇనుము వస్తుందని. పక్క నుంచి పంపిస్తే ఫర్నేస్‌లో అది బొగ్గు పెట్టే గదిలోకే వెళ్తుంది, రా ఐరన్ మంట పెట్టడానికి పనికిరాదు కాబట్టి తీసుకోదు, ఆర్డర్ అక్కడే ఆగిపోతుంది. పైన పెట్టాలి ప్రొవైడర్. పైన పెట్టాడు, ఇనుము తయారైంది, అక్కడే ఉండిపోయింది! ఫర్నేస్ దానంతట అది ఏదీ బయటికి తోయదు, కింద ఇంపోర్ట్ బస్ పెట్టి లాగాలి. అంటే పైన ప్రొవైడర్, పక్కన బొగ్గు, కింద ఇంపోర్ట్ బస్, ఈ మూడూ ఉంటేనే. ఒక్కోటి కరగడానికి పది సెకన్లు, 64 అడిగితే పది నిమిషాల పైనే పడుతుంది, అది ఆగిపోవడం కాదు, ఓపిక పట్టడం. ఆ తేడా తెలియక మావాడు మధ్యలో ఆర్డర్ క్యాన్సల్ చేసేవాడు. క్యాన్సల్ చేస్తే సీపీయూ దగ్గరున్నవి వెనక్కి వస్తాయి కానీ అప్పటికే మెషీన్లోకి వెళ్లినవి అక్కడే ఉంటాయండి, వాటిని మనమే తీసుకోవాలి. లేకపోతే తర్వాతి ఆర్డర్‌కి అవి అడ్డం.

అందుకే నేను రెండు రకాల సామాన్లు వెళ్లే ఏ మెషీన్ దగ్గరైనా ప్రొవైడర్‌లో బ్లాకింగ్ మోడ్ ఆన్ చేస్తా. లోపల ముందు పంపింది ఖాళీ అయ్యేదాకా రెండోసారి పంపదు. కొంచెం నెమ్మది, కానీ రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఎక్కడా ఇరుక్కోదు.

పెసరట్టు గారూ, మీరు ఇంకొన్నాళ్లు ఆడితే ప్రతిసారీ ప్రాసెసర్లు ఆర్డర్ ఇవ్వడం కూడా విసుగొస్తుంది. అప్పుడు ఇంటర్‌ఫేస్‌లో క్రాఫ్టింగ్ కార్డ్ పెట్టి, లాజిక్ ప్రాసెసర్ 64 అని సెట్ చేసి వదిలేయండి. మీరు తీసుకున్నకొద్దీ అదే ఆర్డర్ ఇచ్చుకుని నింపుకుంటుంది, మా అత్తగారింట్లో ఆవకాయ జాడీ లాగ, అడుగు కనపడకముందే మళ్లీ నిండుతుంది. కాకపోతే ఒక సీపీయూ ఒకసారికి ఒకే ఆర్డర్ చేస్తుంది కదా, ఆ ఒక్కదాన్నీ ఇదే పట్టుకుని కూర్చుంటే మీరు పెట్టే ఆర్డర్‌కి చోటు ఉండదు. చిన్న సీపీయూ వేరేగా కట్టి, దాన్ని ఆటోమేషన్‌కి మాత్రమే అని సెట్ చేయండి, సీపీయూ మీద క్లిక్ చేస్తే ఆ బటన్ ఉంటుంది.

ఇంకా అడగాలనుకున్నా, మీ ఇన్‌స్క్రైబర్లు, డ్రైవ్, కంట్రోలర్ అన్నీ మీరు దూరం వెళ్లినా లోడ్ అయి ఉండే చంక్‌లలోనే (ఆట లోడ్ చేసే లోకం ముక్కలు) ఉన్నాయా? మ్యాప్ ఓపెన్ చేసి ఫోర్స్ లోడ్ పెట్టుకోండి. సగం ఒక చంక్‌లో, సగం ఇంకో చంక్‌లో ఉంటే మీరు గనికి వెళ్లినప్పుడు సగమే పని చేస్తుంది, ఇదీ అచ్చం ఇలాగే ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

క్రీపర్‌బావ

సరే 90 శాతం అన్నా కదా, మిగతా 10 శాతంలో పడ్డావు బ్రో, నా తప్పేం లేదు.

గేర్ల_గోపన్న

ఎవరూ అనలేదు కాబట్టి నేనంటా, క్రియేట్ మోడ్‌లో మెకానికల్ క్రాఫ్టర్లు పెట్టి బెల్టుల మీద చేయండి ఒకసారి. స్టేటస్ స్క్రీన్ అవసరమే లేదు, ఎక్కడ ఆగిందో కళ్లకి కనపడుతుంది, బెల్టు మీద ఇరుక్కున్న సామాను చూస్తే చాలు. ఈ ఏఈ2 వాళ్లందరూ గోడ వెనక దాచేసి తర్వాత గోడని అడుగుతారు ఏమైందని. ఫ్లోర్ కింద హాపర్ మర్చిపోవడం క్రియేట్‌లో జరగదు. (జరుగుతుంది. నాకు జరిగింది. ఫ్లోర్ కింద చ్యూట్, అదీ హాపర్ లాంటిదే.)

పెసరట్టు64

అత్తయ్య గారూ థాంక్స్ అండి, చంక్ సంగతి అసలు తెలీదు, చూస్తే డ్రైవ్ ఉన్న గది మాత్రమే ఫోర్స్ లోడ్‌లో ఉంది, ఇన్‌స్క్రైబర్లు పక్క చంక్‌లో. పెట్టేశా. ఇంటర్‌ఫేస్ ఐడియా కూడా చేశా, 64 కాదు గానీ 32 పెట్టా, బంగారం తక్కువ ఉంది.

అంతా బాగుంది అనుకుని నిన్న రాత్రి రెండో 64కే ఆర్డర్ పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే మళ్లీ ఆగింది. ప్రింటెడ్ సిలికాన్ 1 క్రాఫ్టింగ్ అట. 27లో 26 వచ్చి ఒక్కటి రాలేదు! హాపర్లు లేవు, చంక్ లోడ్ అయ్యే ఉంది, చానల్స్ ఉన్నాయి, ఇన్‌స్క్రైబర్ ఖాళీ. పావుగంట ఫ్లోర్ అంతా తవ్వా, ఇంకేదన్నా పాత హాపర్ ఉందేమో అని.

చివరికి చిన్నూగాడిని అడిగితే, "అది ఒకటి మెషీన్లో ఊరికే పడుంది అన్నా, నాకు కావాల్సొచ్చి తీసుకున్నా" అన్నాడు. వాడి పెట్టెలో ఉంది. తీసి టెర్మినల్‌లో వేశా, వెంటనే కదిలింది.

గోదావరిఖని_గ్రెగ్

హాపర్‌ను అయితే తవ్వి తీసేస్తివి తమ్మీ, చిన్నూను ఏం చేస్తవ్.

పెసరట్టు64

వాడికి వేరే టెర్మినల్ పెట్టించా అన్నా, ఏం కావాలన్నా అందులో ఆర్డర్ పెట్టుకోమన్నా. ఇప్పుడు వాడు 256కే కాంపొనెంట్ ఆర్డర్ పెట్టాడు, నా బంగారం మొత్తం అయిపోయింది.